ఉప్పుడబ్బా కింది కాగితం

కాగితం మూడో రోజు కూడా ఉప్పుడబ్బా కిందే ఉంది.

గురువారం పొద్దున వంటింట్లోకి వస్తూనే వెర్నా చూసింది దాన్నే. రాత్రి తాను పడుకున్నాక హోబర్ట్ మనసు మార్చుకుని ఉంటాడేమో, పెన్ను మూత తీసి ఉంటాడేమో అని చిన్న ఆశ. పెన్ను పెట్టినచోటే ఉంది. సంతకం గీత ఖాళీగానే ఉంది.

హోబర్ట్ అప్పటికే లేచి కాఫీ కాచుకుని వెనక వరండాలో కూర్చున్నాడు. లేచిన వెంటనే బల్ల మీద కంచాలు పెట్టడం ఆయన పని, పెట్టేశాడు. నాలుగు కంచాలు. ఇంట్లో తినేది ముగ్గురు. వెర్నా ఏమీ అనకుండా నాలుగోది తీసి అలమారలో పెట్టింది. పద్నాలుగు నెలలుగా ఆయన పెట్టడం, ఈవిడ తియ్యడం. ఆ కంచం సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

సోమవారం నుంచీ అసలు మాటలే లేవు. ఉన్న ఒకటీ అరా మనవరాలి మీదుగా నడుస్తున్నాయి. రొట్టె ఇంకోటి కావాలేమో మీ తాతనడుగమ్మా అని ఈవిడ, చాలని మీ మామ్మతో చెప్పు అని ఆయన. తొమ్మిదేళ్ళ జూనీ ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి మధ్యా టపా మోస్తోంది.

ఇవాళ టపాతో పని జరగదు. సాయంత్రం అయిదింటికి బళ్ళో తల్లిదండ్రుల మీటింగు. రేపు పొద్దున ఎనిమిదింటికల్లా కాగితాలన్నీ కౌంటీ ఆఫీసులో ఉండాలి. కావలసిన లెక్కకు ఇంకా పదిహేడు తక్కువ.

తల్లిదండ్రులకు బడి సంగతులు విడమరిచి చెప్పడం వెర్నా ఉద్యోగం. సెప్టెంబరు నుంచీ ఆవిడ చెబుతున్నది ఈ కాగితం గురించే. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, నెలకు ఎంత వస్తుంది, కింద సంతకం. ఇన్నేళ్ళూ ఈ గొడవ లేదు. బళ్ళో పాత గుమాస్తా ఒకావిడ ఉండేది. లోయలో ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో నాకు తెలీదా అని తానే రాసేసుకునేది. ఆవిడ వేసవిలో రిటైరైంది. ఇకనుంచి ఎవరింటి కాగితం వాళ్ళే రాసి, వాళ్ళే సంతకం పెట్టాలన్నారు. ఆ కాగితాల లెక్కని బట్టే బడికి వాషింగ్టన్ డబ్బు, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది, వస్తుంది.

మా స్లేట్ వాగు లోయలో పంతొమ్మిది ఇళ్ళవాళ్ళం పెట్టలేదు. అందులో నా ఇల్లు ఒకటి. నా పేరు ఓపల్, ఆ బళ్ళోనే వంటదాన్ని. ఆ డబ్బు విలువ తెలిసీ నేనూ పెట్టలేదు. కారణం ఒక్కటే, హోబర్ట్ పెట్టలేదు.

ఇది బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు. మా లోయలో గని నడిచినన్నాళ్ళూ, ఇరవయ్యొక్క ఏళ్ళు, హోబర్ట్ మా యూనియన్ ప్రెసిడెంటు. సమ్మె కాగితమైనా, వంతెన కోసం అర్జీ అయినా, చర్చి కప్పు చందా అయినా మొదటి పేరు ఆయనది, తరవాతే మిగతావి. ఆయన పేరు లేని కాగితం మీద చెయ్యి పెట్టినవాడు తోటివాళ్ళ వెనక నుంచి కంపెనీ గుమ్మం తొక్కినవాడి కింద లెక్క. గని మూసి ఏడేళ్ళయింది. యూనియన్ హాలు కప్పు కూలి అందులో పిచ్చి మొక్కలు మొలిచాయి. అలవాటు మాత్రం చావలేదు. ఆ ఇంటివాళ్ళు చెయ్యి చాచరు అని మేమంతా అనుకున్నాం. దాచడమెందుకు, లోలోపల కాస్త గర్వపడ్డాం కూడా.

వెర్నా కాగితం తీసుకుని వరండాలోకి వెళ్ళింది. అన్నీ పెన్సిలుతో రాసి ఉంచింది. ఆయన చూసి, పైన సిరా దిద్ది, సంతకం పెడితే చాలు.

"ఇవాళే ఆఖరు, హోబర్ట్."

ఆయన వాగువైపు చూస్తున్నాడు.

"తలుపు తలుపూ తట్టాను. ఒక్కళ్ళూ నా మొహం చూడరు. నా భుజం మీంచి మనింటివైపు చూస్తారు. ఇంట గెలవలేనిదానివి రచ్చకెందుకొచ్చావని నోటితో అనడం ఒక్కటే తక్కువ."

"ఆ ఉద్యోగం చెయ్యమని నేనన్నానా?"

"నువ్వనలేదు. గని మూసినప్పుడు ఈ ఇంట్లో మనిషిని పనికి పిలిచింది ఆ బడి ఒక్కటే."

అది అనకుండా ఉండాల్సిందని అన్న వెంటనే ఆవిడకు తెలిసింది. వెనక్కి తీసుకోలేదు. పైగా ఇంకా అంది. పరువు అన్నం పెట్టదంది, పరువు పిల్లకు చదువు చెప్పదంది. నీ పరువు కోసం రెండు వందలమంది పిల్లలున్న బళ్ళో టీచరు పోతోందని కూడా అంది.

హోబర్ట్ చెయ్యి చాపి కాగితం అందుకున్నాడు. పై సగం, అంటే ఇంట్లో ఉంటున్నవాళ్ళ పేర్లు రాసేచోట, చాలాసేపు చూశాడు. తరవాత దాన్ని కుర్చీచేతి మీద పెట్టాడు.

"నీకు లెక్క రాయడం కూడా చేతకాదు," అన్నాడు.

అంతే, లేచి కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

వెర్నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన ముప్ఫయ్యారేళ్ళలో ఆవిడ లెక్కని తప్పుపట్టిన మనిషి కాదు. లోపలికెళ్ళి ఆయన పింఛను చీటీ తీసి, తాను రాసిన అంకెతో పోల్చి చూసింది. ఒక్క సెంటు తేడా లేదు. ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ వరండాలోకి వచ్చేసరికి అక్కడ కాఫీ కప్పు తప్ప ఎవరూ లేరు.

బడికి వెళ్ళేదారిలో జూనీ కనిపించిన ప్రతి బోర్డూ చదువుకుంటూ వచ్చింది. వంతెన మీద మంచు, జాగ్రత్త. కోడిగుడ్లు అమ్మబడును. ఏసు వస్తున్నాడు, సిద్ధంగా ఉండు. ఒక్కటీ వదల్లేదు. వెర్నా ఊఁ కొడుతూ బండి నడిపింది. పోయినేడు ఇదే పిల్ల పుస్తకం తెరిచి, బొమ్మలు చూసి, ఏదో కథ తనే అల్లి చెప్పేది. చదవడం రాదని ఎవరికీ తెలియకూడదని. తల్లి ఇల్లు విడిచి వెళ్ళిన ఏడాది అది. ఆ పిల్ల అసలు దేనికీ నోరు తెరిచేది కాదు.

తల్లి అంటే షెల్బీ, హోబర్ట్ వెర్నాల ఒక్కగానొక్క కూతురు. ముసలివాళ్ళ ఆశ్రమంలో పనిచేసేది. ఒకావిణ్ణి మంచం మీంచి లేపబోతే నడుం పట్టేసింది, డాక్టరు మాత్రలిచ్చాడు. నడుం నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. ఆ తరవాత కథ మా లోయలో ప్రతి మూడో ఇంటికీ తెలుసు. కిందటి క్రిస్మస్‌కి కొలంబస్ పట్నం నుంచి ఒక్కసారి ఫోను చేసింది. అదే ఆఖరు.

జూనీకి మళ్ళీ నోరిచ్చింది మిస్ ఎస్టెప్. మెట్ల కింద చిన్న గదిలో రోజుకు నలభై నిమిషాలు, నలుగురేసి పిల్లలకు చదవడం నేర్పే టీచరు. ఆవిడ జీతం వచ్చేది ఆ వాషింగ్టన్ డబ్బులోంచే.

మధ్యాహ్నం వెర్నా ఆ గది ముందునుంచి వెళ్తూ ఆగిపోయింది. లోపల గోడవారన మూడు అట్టపెట్టెలున్నాయి. ఒక దాంట్లో అప్పుడే పుస్తకాలు సర్ది ఉన్నాయి. మిస్ ఎస్టెప్ నిష్ఠూరంగా ఏమీ అనలేదు. సిద్ధంగా ఉండమని ప్రిన్సిపాల్ చెప్పారంది. పక్క కౌంటీలో ఒక బడి వాళ్ళు అడిగారంది, రేపు సాయంత్రంలోగా వాళ్ళకేదో ఒకటి చెప్పాలంది. ఆ పెట్టెల పక్కనే కూర్చుని జూనీ వేలు పెట్టి చదువుతోంది. తప్పు చదివి, ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. వెర్నా తలుపు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది.

ఆ రోజు ఆవిడ భోజనం కూడా ఒంటరిగానే. ఇదివరకు మా వంటవాళ్ళ బల్ల దగ్గరే కూర్చునేది. బీన్సులో ఉప్పెక్కువైందని ఎక్కిరించేది, నా మొక్కజొన్న రొట్టెతో గోడ కట్టొచ్చనేది. కాగితాల పని మొదలయ్యాక ఎవరింటికెంత వస్తుందో ఈవిడకు తెలిసిపోతుంది కదా అని ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆవిడ వస్తే మాటలు ఆగేవి. ఎవరూ కూడబలుక్కుని చేసింది కాదు. ఒకరోజు నేనే నా కుర్చీ అటు జరుపుకున్నాను. ఆవిడ చూసింది. మర్నాటినుంచి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటోంది.

సాయంత్రం భోజనాల హాల్లో అరవై కుర్చీలు వేసింది. ఒక్కతే వేసింది. బల్ల మీద ఖాళీ కాగితాలు, పెన్నులు, నేను చేసిన బిస్కట్లు. కాగితం ఎలా నింపాలో పెద్ద అట్టమీద రాసి గోడకు అంటించింది. నిజమే రాయండి. కొట్టివేత ఉంటే పక్కన మీ పొడి అక్షరాలు పెట్టండి. కింద సంతకం మర్చిపోకండి.

అయిదయ్యేసరికి లోపలికి వచ్చినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ ఆడవాళ్ళే, ముగ్గురూ కాగితం ఇదివరకే ఇచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు రాలేదని కాదు, వచ్చారు. బయట ట్రక్కులకు ఆనుకుని నిలబడ్డారు. కొందరు గుమ్మం దాకా వచ్చి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఇంతమంది చూస్తుండగా ఆ మనిషి ఖాళీ కుర్చీలతో మాట్లాడాల్సొచ్చింది. అయినా నేను కదల్లేదు.

వెర్నా గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఈ మీటింగు ఏటా పెట్టి తీరాలని చట్టం ఉందంది. డబ్బు పేరు టైటిల్ వన్, పేరుతో మనకు పనిలేదంది. అది ఎవరింటికీ రాదు, ఏ పిల్ల చేతికీ రాదు, బడికి వస్తుంది. గడవనివాళ్ళ పిల్లలు ఏ బళ్ళో ఎక్కువుంటే ఆ బడికి. దాంతో వెనకబడ్డ పిల్లలకు ఇంకో టీచరును పెట్టుకోవచ్చు. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో తల్లిదండ్రులు కూడా చెప్పొచ్చు. మా పిల్ల టీచరు ఏం చదువుకుందని అడగొచ్చు, జవాబు చెప్పి తీరాలి. కానీ పిల్లలు ఎంతమందో వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్ళకు తెలిసేది ఈ కాగితాలతోనే.

"కాగితం ఇవ్వనివాళ్ళు వాళ్ళ లెక్కలో షావుకార్లే," అంది. "మొన్న చూశాను. మన లోయంతా షావుకార్లే."

గుమ్మం దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు. నవ్వు నిలవలేదు.

విర్జిల్ నోరు విప్పాడు. గనిలో హోబర్ట్ పక్కన పంతొమ్మిదేళ్ళు పనిచేసినవాడు, ఇప్పుడు ఇద్దరు మనవల్ని సాకుతున్నాడు.

"అది కాదు వెర్నా. మేం బీదవాళ్ళమని మా చేత్తో మేమే రాసివ్వాలంటావు. అంతేగా?"

వెర్నా జవాబు కోసం చేతిలో కాగితాలు చూసుకుంది. కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"విర్జిల్, గనిలోకి దిగేముందు నువ్వేం చేసేవాడివి?"

"బిళ్ళ తగిలించేవాణ్ణి."

ఇత్తడి బిళ్ళ. ప్రతి మనిషికీ ఒక నంబరు. దిగేముందు గుమ్మం పక్క పలక మీద మేకుకు తగిలించడం, పైకొచ్చాక తీసుకోవడం.

"ఎందుకూ?"

"లోపల ఎంతమందున్నారో పైవాళ్ళకు తెలియాలిగా."

"తగిలించకుండా దిగినవాడో?"

విర్జిల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "వాణ్ణెవరూ వెతకరు. లోపలున్నాడనే తెలీదు."

"ఈ కాగితం ఆ బిళ్ళే," అంది వెర్నా. "బీదవాణ్ణని ఒప్పుకోవడం కాదిది. నా పిల్ల లోపలుంది, లెక్కలో వేసుకోండని చెప్పడం. పై కప్పు కూలినప్పుడు బిళ్ళ లేదని ఏడిస్తే ఎవరు దిగుతారు?"

అప్పుడే గుమ్మం దగ్గర మనుషులు పక్కకి జరిగారు. హోబర్ట్ లోపలికి వచ్చాడు. ఎంతసేపట్నుంచి బయట నిలబడి వింటున్నాడో మాకెవరికీ తెలీదు.

తిన్నగా బల్ల దగ్గరికి నడిచాడు. ఖాళీ కాగితం ఒకటి తీసుకున్నాడు. పిల్లల కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఆయన ఏదైనా నెమ్మదిగానే రాస్తాడు, అక్షరం అక్షరం. బయట సిగరెట్లు పారేసి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. సంతకం పెట్టేటప్పటికి ఆయన వెనక వరస తయారైంది. నేనూ చేతులు తుడుచుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను. నాకు ముందు ఎనిమిది మంది.

వెర్నా మొహంలో ఆ నిమిషాన వెలుగు చూశాను. సోమవారం నుంచీ, కాదు, సెప్టెంబరు నుంచీ చూడని వెలుగు. కాగితం అందుకుని పైనుంచి కిందికి చూసింది. తరవాత మళ్ళీ పైకి వెళ్ళింది చూపు.

"నలుగురని రాశావు," అంది మెల్లగా.

"నలుగురే."

"హోబర్ట్, ఇంట్లో ఉంటున్నవాళ్ళ పేర్లే రాయాలిక్కడ. ఇదంతా నిజమని కింద సంతకం పెట్టావు."

"ఇందాక నువ్వేగా చెప్పావు బిళ్ళ సంగతి." ఆయన కూడా గొంతు పెంచలేదు. "ఇరవయ్యొక్క ఏళ్ళు ఆ పలక చూసినవాణ్ణి. పైకి రాని మనిషి బిళ్ళ ఎవరైనా తీస్తారా వెర్నా? ఎన్నాళ్ళైనా, ఏమైపోయినా, మనిషిని తెచ్చేదాకా అదక్కడే ఉంటుంది. నువ్వు ముగ్గురని రాశావు. పెన్సిలుతో, నీ చేత్తో."

పొద్దున వరండాలో అన్న లెక్క ఏ లెక్కో వెర్నాకు అప్పుడు తెలిసింది. పింఛను చీటీ తీసి పోల్చుకున్న సంగతి గుర్తొచ్చి సిగ్గేసిందట. మూడు రోజులు, కాదు, పద్నాలుగు నెలలు ఒకే బల్ల దగ్గర తింటూ, ఈ మనిషికి పరువు పట్టుకుందని తాను అనుకుంది. పద్నాలుగు నెలలూ రోజూ పొద్దున్నే తాను తీసి అలమారలో పెట్టింది కంచం కాదు.

పోనీలెమ్మని ఆ కాగితం తీసేసుకోవచ్చు. ఎవరొచ్చి చూస్తారు? ముగ్గురైనా నలుగురైనా బడికొచ్చే డబ్బు మారదు. వెనక ఇంతమంది నిలబడ్డారు. ఈ ఒక్క కాగితం వెనక్కిస్తే, ఆయన లేచి వెళ్ళిపోతే, వరస విరిగిపోతుంది. మెట్ల కింద గదిలో మిగిలిన పుస్తకాలూ పెట్టెల్లోకి పోతాయి. కానీ నిజమే రాయండని గోడమీద అంటించింది తానే. వెర్నా కాగితం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

జూనీ ఎప్పుడొచ్చిందో ఆవిడ మోచేతి కిందనుంచి తల దూర్చింది. చేతిలో సగం కొరికిన బిస్కట్టు. కంటపడింది ఏదైనా చదవాలి ఆ పిల్లకు. వేలు పెట్టి చదివింది.

"ఈ ఇంట్లో ఉంటున్నవారు. హోబర్ట్. వెర్నా. జూన్." తన అసలు పేరు దాకా గబగబా చదివి, నాలుగో పేరు దగ్గర ఆగింది. చదవడం రాక కాదు. మళ్ళీ మొదటినుంచి చదివింది, మిస్ ఎస్టెప్ నేర్పినట్టు. "ఈ ఇంట్లో ఉంటున్నవారు." తరవాత ఆ పేరు చదివింది.

తాతవైపు చూసింది.

"అమ్మ వచ్చేసిందా?"

పిల్ల అప్పటికే బిస్కట్టు బల్లమీద పెట్టి కోటు కోసం చూస్తోంది.

"ఇప్పుడు ఇంట్లో ఉందా తాతా?"

"లేదు తల్లీ."

"మరి రాశావుగా."

ఆ పిల్లకు రాసింది చదవడం వచ్చి ఏడాది కాలేదు. రాసింది నిజం కాకపోవచ్చని ఇంకా ఎవరూ నేర్పలేదు. హోబర్ట్ మొహం నేను చూడలేకపోయాను. గని మూసిన రోజు కూడా చూశాను ఆ మొహం, ఇలా లేదు.

ఆయన చెయ్యి చాపాడు. వెర్నా కాగితం ఇచ్చింది. నాలుగో పేరు మీద ఒక గీత గీశాడు, తిన్నగా, నెమ్మదిగా. నాలుగు కొట్టి మూడు వేశాడు. తిరిగి ఇవ్వబోయాడు.

వెర్నా అందుకోలేదు. గోడమీది అట్ట ఆయన వెనకే ఉంది.

"కొట్టివేత పక్కన పొడి అక్షరాలు పెట్టాలి," అంది.

అది అనకుండా ఉంటే ఎంత బాగుండేదోనని తరవాత నాతో ఎన్నిసార్లందో. హోబర్ట్ ఆవిణ్ణి ఒక్కసారి చూశాడు. కోపంతో కాదు. కూతురి పేరు పక్కన తన పొడి అక్షరాలు రెండూ పెట్టాడు. కాగితం బల్ల మీద పెట్టి కుర్చీలోంచి లేచాడు.

జేబులోంచి ట్రక్కు తాళాలు తీశాడు. ఆ తాళాల గుత్తికి ఆయన బిళ్ళ ఉంటుంది, నూట పద్నాలుగు. గని మూసినరోజు పలక మీంచి తీసుకొచ్చుకున్నది, ఏడేళ్ళుగా అరిగి నున్నగా అయింది. బొటనవేలి గోటితో రింగు తెరిచి బిళ్ళ బయటికి లాగాడు. వెర్నా ముందు, కాగితాల పక్కన పెట్టాడు. జూనీ తల మీద చెయ్యి వేశాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

విర్జిల్ ముందుకు వచ్చి పెన్ను తీసుకున్నాడు గానీ రాయలేదు. బిళ్ళవైపు చూస్తున్నాడు. వరసలో మగవాళ్ళంతా దాన్నే చూస్తున్నారు. అది అలా పెట్టి వెళ్ళడమంటే ఏమిటో వాళ్ళలో తెలియనివాడు లేడు.

బయట ట్రక్కు స్టార్టయింది. జూనీ కిటికీకి మొహం ఆనించింది.

"మామ్మా, తాత ఎడంవైపుకి తిరిగాడు." మళ్ళీ అంది. "మనిల్లు అటు కాదుగా. అటు పోతే కొలంబస్ అని ఉంది బోర్డు మీద."

వెర్నా సగం లేచింది. గుమ్మం దాకా పదడుగులు, పరిగెడితే కేకకి అందుతాడు. వరసలో మేం పద్దెనిమిది మందిమి ఆవిణ్ణే చూస్తున్నాం. ఈవిడ కూడా వెళ్ళిపోతే మాలో ఎంతమంది నిలబడి ఉంటామో ఆవిడకు తెలుసు, మాకూ తెలుసు.

మళ్ళీ కూర్చుంది. బిళ్ళ ముట్టుకోలేదు. ఒక కాగితం తీసి విర్జిల్ ముందుకు జరిపింది.

"రాయి విర్జిల్," అంది. "ఇంట్లో ఎవరెవరున్నారో రాయి."